నోట్లో ముద్ద నుంచి నోట్లో కెమెరా దాకా

ఈరోజు ఎపిసోడ్ మా ఇంటి కథతో మొదలుపెడతా. ఈ మధ్య నాకు ఒక పంటికి క్యాప్ వేయించాల్సి వచ్చింది. డాక్టర్ గారు పెన్ను కన్నా కాస్త లావుగా ఉన్న స్కానర్ నోట్లో పెట్టి అటూ ఇటూ తిప్పారు. కాసేపట్లో నా పళ్ళన్నీ స్క్రీన్ మీద త్రీడీలో వచ్చేశాయి. ఇంటికొచ్చి చెప్తే మా నాయనమ్మ నమ్మలేదు. "నాకు పళ్ళ సెట్టు కట్టినప్పుడు పిండి లాంటి ముద్ద నోట్లో పెట్టి అదిమారు రా, డోకొచ్చి ప్రాణం పోయినంత పనైంది. నీకు ఫొటో తీస్తే సరిపోయిందా?" అంది.

అసలు ఆ ముద్ద ఎందుకంటే, క్యాప్ కానీ సెట్టు కానీ సాధారణంగా తయారయ్యేది ల్యాబ్‌లో. మన నోటిని ల్యాబ్‌కి పంపలేం, దాని కాపీ పంపాలి. ఆ కాపీ ఎంత కరెక్ట్‌గా తియ్యగలం అన్నదే ఈ మొత్తం హిస్టరీ.

1756లో ప్రష్యా రాజు ఫ్రెడరిక్ ద గ్రేట్ దగ్గర పనిచేసిన దంతవైద్యుడు ఫిలిప్ ఫాఫ్, మెత్తబెట్టిన మైనంతో అచ్చు తీసి అందులో ప్లాస్టర్ పోసే పద్ధతిని పుస్తకంలో రాశాడు. కానీ మైనం చల్లారితే ముడుచుకుంటుంది, బయటికి లాగితే వంకర పోతుంది. తర్వాత 1850లలో లండన్ డెంటిస్ట్ చార్లెస్ స్టెంట్, గట్టాపెర్చా అనే చెట్టు పాల పదార్థంలో స్టియరిన్ కలిపి ఇంకా మంచి ముద్ద తయారు చేశాడు. ఇక్కడ ఒక సరదా విషయం. ఈరోజు గుండెకి వేసే స్టెంట్ ఉంది కదా, ఆ పేరు ఈయన నుంచి వచ్చిందే!

20వ శతాబ్దంలో సముద్రపు నాచు నుంచి తీసే అగర్ వచ్చింది. అది ఎక్కువగా జపాన్ నుంచి వచ్చేది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ సరుకు ఆగిపోయింది. దాని బదులు ఇంకో రకం నాచు నుంచి తీసే ఆల్జినేట్ వాడకంలోకి వచ్చింది. నీళ్ళలో కలిపి, ట్రేలో పెట్టి, నోట్లో అదిమే ఆ ముద్ద ఎక్కువగా ఇదే.

మరి ప్రాబ్లం ఏంటి? జిరాక్స్‌కి జిరాక్స్, దానికి మళ్ళీ జిరాక్స్ తీస్తే ఏమవుతుంది? అలాగే ఇక్కడ ముద్ద ఒక కాపీ, అందులో పోసిన ప్లాస్టర్ ఇంకో కాపీ. ఆల్జినేట్ ఆరితే ముడుచుకుంటుంది, ప్లాస్టర్ గట్టిపడుతూ కొంచెం ఉబ్బుతుంది. ఎంత జాగ్రత్త పడ్డా ప్రతి స్టెప్‌లో వెంట్రుకవాసి తేడా వస్తూనే ఉంటుంది.

ఈ గొలుసునే తెంపేద్దాం అనుకున్నాడు ఫ్రాన్స్‌లో ఫ్రాంస్వా డ్యూరే. 1973లో, లియాన్‌లో, కాంతితో పంటి కొలత తీసుకోవచ్చని థీసిస్ రాశాడు. పర్సనల్ కంప్యూటర్ అన్న మాటే జనాలకి తెలియని రోజులవి! ఐడియా రెడీ, నడపడానికి మెషిన్ లేదు.

తర్వాత స్విట్జర్లాండ్‌లో డెంటిస్ట్ వెర్నర్ మోర్మన్, ఇంజినీర్ మార్కో బ్రాండెస్టిని కలిశారు. పంటి మీద కాంతి చారలు వేస్తే, ఆ చారలు ఎక్కడ ఎంత వంగాయో చూసి కెమెరా లోతు లెక్కకడుతుంది. 1985 సెప్టెంబర్‌లో, జ్యూరిక్ యూనివర్సిటీలో, పేషెంట్ కుర్చీలో ఉండగానే పంటి గుంతకి సరిపోయే సిరామిక్ ముక్కని వీళ్ళ మెషిన్ చెక్కి ఇచ్చింది. దాని పేరే సెరెక్. అయితే వర్షన్ వన్ అంటే వర్షన్ వనే కదా. పళ్ళు మెరిస్తే కెమెరాకి కనబడేది కాదు, అందుకని తెల్ల పౌడర్ చల్లాలి. పైన నమిలే వైపు ఎత్తుపల్లాలు డాక్టరే చేత్తో చెక్కుకోవాలి. మనం చూస్తున్న స్కానర్ దాకా రావడానికి ఇంకా కొన్ని దశాబ్దాలు పట్టింది.

ఇదంతా చదివాక సాఫ్ట్‌వేర్ వాడిని కదా, డాక్టర్ గారిని కాస్త గట్టిగానే అడిగా. "మరి మా నాయనమ్మని ఎందుకండీ అంత ఇబ్బంది పెట్టారు?" అని. ఆయన నవ్వి చెప్పారు. స్కానర్ వందల చిన్న చిన్న ఫొటోలు తీసి ఒకదానికొకటి అతికిస్తుంది. అతకడానికి గుర్తులు కావాలి. ఫోన్‌లో ఉత్త తెల్ల గోడని పనోరమా తీసి చూడండి, ఫోన్ తికమకపడుతుంది. పళ్ళు లేని చిగురు కూడా ఆ గోడ లాంటిదే, నున్నగా, తడిగా ఉంటుంది. పైగా సెట్టు ఊడకుండా నిలవాలంటే బుగ్గ, నాలుక కదిలినప్పుడు ఆ అంచు ఎక్కడిదాకా వస్తుందో తెలియాలి. ముద్ద నోట్లో ఉండగా వాటిని కదిలిస్తే ఆ కదలిక కూడా అచ్చులో పడుతుంది. ఇప్పుడు స్కాన్‌తో కూడా సెట్లు చేస్తున్నారు, కానీ ఆవిడ నోటికి ముద్దే నయం అనుకున్నారట.

నిజం చెప్పాలంటే అప్పటిదాకా ఆ డాక్టర్ గారు అప్‌డేట్ అవ్వలేదేమో అనుకున్నా. తప్పు నాదే.

కాబట్టి మీ ఇంట్లో పెద్దవాళ్ళని తీసుకెళ్తే "స్కానర్ ఉందా?" అని అడిగి ఆగిపోకండి. "ఈ నోటికి ఏది మంచిది, ఎందుకు?" అని కూడా అడగండి. డోకు భయం ఉంటే ముందే చెప్పండి, దానికి తగ్గట్టు జాగ్రత్త తీసుకుంటారు. మా నాయనమ్మకి ఈ కథంతా చెప్పా. "అయితే నా సెట్టు మంచిదే అన్నమాట" అని జంతిక కొరికి చూపించింది. మీ ఇంట్లో ముద్ద కథలుంటే కామెంట్స్‌లో రాయండి. ఉంటానండీ, బై!