కదలువారికి చిత్రమున చోటు

ఛాయాచిత్రకళ పుట్టిన నాడు కదలువారికి దానియందు చోటు లేకుండెను. 1838లో డాగేరు అను ఫ్రెంచివాడు పారిసు నగరమున జనసమ్మర్దముగల వీథి నొకదానిని చిత్రించెను. నాటి పలకపై రూపము నిలుచుటకు కొన్ని నిమిషములు పట్టెడిది. ఆలోపల బండ్లును పాదచారులును సాగిపోవుటచే వీథి శూన్యమైనట్లు కనబడును. బూట్లు తుడిపించుకొనుటకై నిలిచిన యొక మనుష్యుడు ఆ పలకపై మిగిలెను. పెద్దలకే యిట్లుండగా, నిలువనెరుగని బాలుర మాట చెప్పనేల?

1878లో ఈ యడ్డు కొంత తొలగెను. కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో మైబ్రిడ్జి 12 కెమేరాలను వరుసగా నిలిపి, దారి కడ్డముగా దారములు కట్టి, పరుగిడు గుఱ్ఱము తగులగానే షటర్లు పడునట్లు చేసెను. నాలుగు కాళ్లును నేలను విడుచు క్షణము కలదని ఆ చిత్రములు తేల్చినవి. కాని యది స్టాన్ఫర్డు అను సంపన్నుని వ్యయముతో జరిగిన పని. 1900లో ఈస్టుమన్ కోడక్కు కంపెనీ ‘బ్రౌనీ’ అను అట్టపెట్టె కెమేరాను 1 డాలరునకు అమ్మజూపెను. 6 చిత్రముల ఫిల్ము వెల 15 సెంట్లు. బాలురను ఉద్దేశించి చేసిన యీ కెమేరా మొదటి యేడాదిలోనే లక్షకు మించి అమ్ముడుపోయెను.

కెమేరా చేతికి వచ్చెను, ఆట చిక్కినదా? అట్టి పెట్టెలలో షటరు తెఱచియుండు కాలము ఇంచుమించు సెకండులో 50వ వంతు. సెకండునకు 5 మీటర్లు పరుగెత్తు బాలుడు ఆ వ్యవధిలో 10 సెంటీమీటర్లు జరుగును; ముఖము చెదరిపోవును. కావున యంత్రమునకు లేని వేగమును కన్ను పూరింపవలసి వచ్చెను. అందులకు మూడు ఉపాయములు కలవు. ఎగిరినవాడు మీది కొసకు చేరినపుడు ఒక్క క్షణము పైకి పోడు, క్రిందికి రాడు; అప్పుడు మీట నొక్కుట మొదటిది. అడ్డముగా పోవువానికంటె ఎదురుగా వచ్చువాడు తక్కువ చెదరును. కనుక ఎదుట నిలుచుట రెండవది. ఆటగానితో పాటు కెమేరాను త్రిప్పుట మూడవది. వెనుకటి చెట్లు చెదరినను వాడు తేటపడును.

1894లో పుట్టిన లార్టీగు అను ఫ్రెంచి బాలుడు 1905లో మెట్లపైనుండి దుమికిన తన బంధువైన యువతిని గాలిలో తేలుచున్నట్లు చిత్రించెను. అతడు ధనికుల బిడ్డ. అతని కెమేరా బ్రౌనీకంటె మేలైనదే. అయినను ఏ క్షణమున మీట నొక్కవలెనో కెమేరా చెప్పదు. ఆటలలో మునిగియుండు బాలునికే యది తెలియును. 1963లో న్యూయార్కు ఆధునిక కళాప్రదర్శనశాల అతని చిత్రములను ప్రదర్శించినపుడు గాని లోకము వానిని గుర్తింపలేదు.

చిరకాలము ఉపాధ్యాయుడనై యుండి నేను చూచిన పాఠశాలల గోడలపై ఒకే విధమైన పటములుండెను: కుర్చీలలో మేము, ముందు గెలిచిన కప్పు, వెనుక చేతులు కట్టుకొనిన బాలురు. వానిలో ఆట లేదు. గెలువని పిల్లవాడు అసలే లేడు. వాడు ఎంత బాగుగా దుమికెనో చెప్పుటకు నేడు గుర్తేమియు మిగులలేదు.

నేటి చిన్న కెమేరాయైనను సెకండులో వెయ్యవ వంతును పట్టగలదు. కాని చెడుగుడులో కూతకు పోయినవాడు ఎప్పుడు వెనుదిరుగునో ఆట నెరిగినవానికే తెలియును. తల్లిదండ్రులారా! మీ యింట పాత కెమేరా యున్నచో, ఆటస్థలము గట్టున కూర్చుండి చూచుచున్న పిల్లవాని చేతికిండు.