రోగులు రాని గదిలో రాసిన కథలు

1886లో ఇంగ్లండు దక్షిణ తీరాన సౌత్‌సీలో ఆర్థర్ కోనన్ డాయిల్ అనే కుర్ర డాక్టరు ఉండేవాడు. ప్రాక్టీసు అంతంతమాత్రం. ఖాళీ దొరికితే కథలు రాసేవాడు. అప్పటి డిటెక్టివ్ కథల్లో నేరస్థుడు ఏదో పొరపాటు చేసి దొరికిపోతుంటే డాయిల్‌కి నచ్చేది కాదు. డిటెక్టివ్ తన బుద్ధితో గెలవాలి కదా! అప్పుడు గుర్తొచ్చారు, ఎడిన్‌బరోలో పాఠం చెప్పిన డాక్టర్ జోసెఫ్ బెల్. రోగి నోరు విప్పకముందే అతని నడక, చేతులు చూసి ఏ పని చేసేవాడో చెప్పేసే గురువు ఆయన.

ఆ గురువు చూపును అరువు తెచ్చుకుని షెర్లాక్ హోమ్స్ పుట్టాడు. కానీ ‘ఎ స్టడీ ఇన్ స్కార్లెట్’ నవలను ప్రచురణకర్తలు వరసగా తిప్పి పంపారు. చివరికి వార్డ్ లాక్ సంస్థ 25 పౌన్లకు సర్వహక్కులూ కొనేసి, 1887 క్రిస్మస్‌ సంచికలో వేసింది. పెద్దగా పేరు రాలేదు. 1890లో వచ్చిన రెండో నవలదీ దాదాపు అదే గతి.

1891లో కంటి వైద్యం నేర్చుకుందామని డాయిల్ వియన్నా వెళ్ళొచ్చి, లండన్‌లో గది తీసుకున్నాడు. గడప తొక్కిన రోగి ఒక్కడూ లేడు. కొత్తగా మొదలైన ‘స్ట్రాండ్’ లాంటి మాసపత్రికలను గమనిస్తూ ఒక చిక్కు పట్టుకున్నాడు. సీరియల్‌లో ఒక నెల తప్పితే పాఠకుడికి కథ తెగిపోతుంది. విడి కథలు వేస్తే వచ్చే నెల కోసం ఎదురుచూపే ఉండదు. మరి ఒకే నాయకుడితో, నెలనెలా పూర్తయ్యే కథ రాస్తే? నా దృష్టిలో హోమ్స్ తర్కం కన్నా గొప్ప ఆవిష్కరణ ఇదే. పాత హోమ్స్‌నే మళ్ళీ పిలిచాడు. మే నెలలో ఫ్లూ వచ్చి చావు తప్పి లేచాక, వైద్యం మానేసి కలం పట్టుకునే బతకాలని నిశ్చయించుకున్నాడు.

జులైలో ‘ఎ స్కాండల్ ఇన్ బొహీమియా’ అచ్చయింది. బొమ్మలు వేయాల్సింది వాల్టర్ పాజెట్. పత్రిక వాళ్ళ ఉత్తరం అతని అన్న సిడ్నీ చేతిలో పడిందంటారు. డాయిల్ ఊహించిన దానికన్నా అందమైన హోమ్స్‌ని గీసి, సిడ్నీ ఆ ముఖాన్నే లోకానికి స్థిరం చేశాడు. స్ట్రాండ్ కోసం జనం ఎగబడ్డారు.

1893లో విసుగొచ్చి హోమ్స్‌ని చంపేసిన రచయిత, పాఠకుల పట్టు ముందు ఓడి 1903లో బతికించాడు. 1927 దాకా మొత్తం 56 కథలు, అన్నీ స్ట్రాండ్‌లోనే వచ్చాయి. కొత్తగా చదివేవారు నవలలు పక్కనపెట్టి ఆ తొలి కథతోనే మొదలుపెట్టండి.