పెప్టైడ్ అర్రే: చరిత్ర

కొన్ని అమైనో ఆమ్లాలు గొలుసుగా చేరి ఏర్పడే పొట్టి ప్రోటీన్ తునకలను, అంటే పెప్టైడ్‌లను, గాజు పలక మీదనో కాగితం మీదనో ఏ చోట ఏది ఉన్నదో తెలిసేటట్లు వరుసలుగా బిగించి, ప్రతిరక్షకం వంటి మరొక అణువు వాటిలో వేటిని పట్టుకొంటుందో రంగు ద్వారానో వెలుగు ద్వారానో గుర్తించే సాధనాన్ని పెప్టైడ్ అర్రే అంటారు.

గొలుసు కొనను రెసిన్ పూసకు అతికించి, ఒక్కొక్క ఆమ్లాన్ని చేరుస్తూ మిగిలిన రసాయనాలను కడిగివేసే పద్ధతిని 1963లో బ్రూస్ మెరిఫీల్డ్ ప్రకటించాడు. దాని ఆధారంగా 1984లో ఆస్ట్రేలియాలో మారియో గైసెన్ బృందం గాలికుంటు వైరస్‌కు చెందిన 213 ఆమ్లాల ప్రోటీన్‌ను, ఒక్కొక్క స్థానం జరుపుతూ ఆరేసి ఆమ్లాల 208 తునకలుగా ప్లాస్టిక్ పుల్లల కొనలపై నిర్మించి, ప్రతిరక్షకం అంటుకొనే చోటును ఒక్క ఆమ్లం వరకు గుర్తించగలిగింది. 1991లో స్టీఫెన్ ఫోడర్ బృందం కాంతి సాయంతో గాజుపై 1,024 పెప్టైడ్‌లను పేర్చింది. 1992లో రోనాల్డ్ ఫ్రాంక్ సెల్యులోజ్ కాగితంపై చుక్కలుగా వాటిని తయారుచేసే పద్ధతిని ప్రకటించగా, సామాన్య ప్రయోగశాలలకు అందుబాటులోకి వచ్చినది ప్రధానంగా ఇదే. అయితే విడి తునకలో ప్రోటీన్ మడత ఉండదు కనుక, మడత వల్ల దగ్గరయ్యే ఆమ్లాలు కలిసి ఏర్పరచే బంధన స్థలాలు అర్రేలో సాధారణంగా చిక్కవు.

క్షయ సోకుడును గుర్తించే రక్త పరీక్షలో పెప్టైడ్‌లను వాడటానికి మాత్రం ఈ లోపం అంతగా అడ్డురాదు. ఆ పరీక్షకు నేపథ్యం ఇది. అప్పటి చెంగల్పట్టు జిల్లాలోని తిరువళ్ళూరు పరిసరాలలో 1968లో మొదలై రెండున్నర లక్షలకు పైగా జనంపై జరిగిన బి.సి.జి. క్షయ టీకా పరీక్ష, పెద్దవారి ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా నివారించలేదని తేల్చింది. క్షయకారకం కాని మైకోబాక్టీరియాల సోకుడు అక్కడ విస్తారమని కూడా వెల్లడైంది. అనేక ప్రోటీన్ల మిశ్రమమైన ట్యూబర్క్యులిన్‌తో చేసే చర్మ పరీక్షలో ఆ సోకుడు గాని, బి.సి.జి. గాని వాపు కలిగించగలవు. ఈశాట్-6, సి.ఎఫ్.పి.-10 ప్రోటీన్ల జన్యువులు బి.సి.జి.లోను, పర్యావరణంలోని చాలా మైకోబాక్టీరియాలలోను లేవని తరువాత తెలియటంతో, ఆ రెండింటి నుండి ఒకదానితో ఒకటి కొంత మేర కలిసే పెప్టైడ్‌లను రక్తంతో కలిపి, టి-కణాలనే రోగనిరోధక కణాలు విడుదల చేసే ఇంటర్‌ఫెరాన్-గామాను కొలిచే పరీక్షలు వచ్చాయి. పెప్టైడ్‌లు పలకపై కాక గొట్టంలో ఉండే ఈ పరీక్షను అర్రే అనలేము. కాని ప్రోటీన్‌ను జరుపుతూ తునకలు చేయడమనే ఉపాయం గైసెన్ వాడినదే. టి-కణం ఎటూ మడత విడిన తునకనే, మరొక కణం తన హెచ్.ఎల్.ఎ. అణువు గాడిలో బిగించి చూపితేనే, గుర్తిస్తుంది.