కారు వెనుక తలుపు లాక్ బిగుసుకుపోవడం
లోపలి హ్యాండిల్‌తో మాత్రమే తలుపు తెరుచుకోకపోతే అది సాధారణంగా లోపం కాదు, చైల్డ్ లాక్. బయటినుంచి తెరిచి, తలుపు అంచున లాచ్ దగ్గరున్న చిన్న మీటను జరిపితే సరి. లోపలినుంచీ బయటినుంచీ తెరుచుకోకపోతే లాక్ మోటారు చెడడం, కీలు దగ్గరి రబ్బరు గొట్టంలో వైరు తెగడం, లాచ్ కడ్డీ ఊడడం, లాచ్‌లో గ్రీజు ఎండిపోవడం వంటివి కారణాలు. ఒకరు రిమోట్ నొక్కుతుండగా మరొకరు తలుపును లోపలికి నెట్టి హ్యాండిల్ లాగితే ఒక్కోసారి వదులుతుంది. వదలకపోతేనే అసలు తంటా: తలుపు మూసి ఉండగానే లోపలి ప్యానెల్ విప్పాలి. సీటు అడ్డొస్తే దాన్నీ తీసి, లాచ్ కడ్డీని చేత్తో లాగాలి. మొరటుగా గుంజితే విరిగేది హ్యాండిలే.