హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు: ప్రయోగ రూపకల్పన

శస్త్రచికిత్సలో క్లోరోఫాం వాడకం 1847లో ఎడిన్‌బరోలో మొదలైంది. మరుసటి జనవరిలోనే ఇంగ్లండులో కాలిగోరు తీయించుకోవడానికి వచ్చిన 15 ఏళ్ల హన్నా గ్రీనర్ ఆ మత్తులో మరణించింది. ముందుగా ఆగేది శ్వాసా లేక గుండెా అన్న వివాదం అప్పటినుండి నాలుగు దశాబ్దాలు సాగింది. దానిని తేల్చే ప్రయత్నానికి హైదరాబాద్ వేదిక కావడం విశేషం.

రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఎడిన్‌బరో సంప్రదాయంలో శిక్షణ పొందినవాడు. శ్వాసను కనిపెట్టి ఉంటే చాలు, నాడి చూడనక్కరలేదన్నది అక్కడి పాఠం. 1888 నాటి తొలి కమిషన్ కుక్కలపై ప్రయోగాలతో ఆ పాఠాన్నే సమర్థించింది. లండన్ వైద్య పత్రిక లాన్సెట్ దానిని ఒప్పుకోలేదు. అప్పుడు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ 1000 పౌండ్లిచ్చి ఆ పత్రిక ప్రతినిధినే రప్పించాడు. 1889లో వచ్చిన లాడర్ బ్రంటన్ గుండెకే ప్రమాదమని భావించినవాడు. వందలాది జంతువులపై ప్రయోగాలు చూశాక అతడూ అభిప్రాయం మార్చుకున్నాడు.

ప్రతిపక్షిని సాక్షిగా పిలవడం నిజాయితీ గల పద్ధతే. అయితే లోపం ప్రశ్నలో ఉంది. ఆ ప్రయోగాలలో ప్రధానంగా పరీక్షించినది మోతాదు మితిమీరినప్పుడు కలిగే మరణాన్ని. హన్నా వంటివారు మత్తు పూర్తిగా ఎక్కకముందే మరణించారు. జంతువుల సంఖ్య ఎంత పెంచినా ఈ అంతరం పూడదు. 1911లో ఎ. జి. లెవీ పిల్లులకు తేలికపాటి క్లోరోఫాం మత్తులో అడ్రినలిన్ ఎక్కించి, గుండె జఠరికలు అదిరి హఠాత్తుగా ఆగిపోవడాన్ని చూపాడు.