కోహ్-ఎ-ఖాఫ్‌లో పద్దెనిమిది రోజులు

మనిషికీ పరీకీ మొహబ్బత్, అదీ ఊయలలో ఉన్నప్పుడే ఖిస్మత్ రాసిపెట్టిన జోడీ. ఇది ఇవాళ్టి సీరియళ్లు కనిపెట్టింది కాదు. దాస్తాన్-ఎ-అమీర్ హమ్జాలో ఎప్పటినుంచో ఉంది. ఒక మాట ముందే చెప్పేస్తాను: ఆ కథానాయకుడికి హజ్రత్ హమ్జా (రజి.) గారి పేరు పెట్టారే గానీ, ఈ పరీలూ జిన్నులూ అంతా కిస్సాగోల ఖయాల్. తారీఖ్‌కు తెలిసింది ఉహుద్ షహీద్ మాత్రమే.

ఈ దాస్తాన్ మన దక్కన్‌కు కొత్త కాదు. కుతుబ్‌షాహీల కాలంలో, 1612లో హైదరాబాద్ చేరిన హాజీ కిస్సాఖ్వాన్ హమదానీ దీన్ని ఫార్సీలో రాశాడు. ఉర్దూలో గాలిబ్ లఖ్నవీ 1855లో అచ్చువేశాడు, 1871లో బిల్‌గ్రామీ దాన్నే సవరించి ఇచ్చాడు. తర్వాత లక్నో నవల్ కిశోర్ ప్రెస్ దాన్ని పెంచుతూ పోయి 46 జిల్దులు చేసింది.

మా ఉర్దూ మీడియం రోజుల్లో మాకు అమర్ అయ్యార్ జంబీల్ అంటేనే మజా. ఆస్మాన్ పరీని ఎవరు పట్టించుకున్నారు? పెద్దయ్యాక చదివితే ఆమె దగ్గరే ఆగిపోయాను.

ఖాఫ్ బాద్‌షా షాహ్‌పాల్‌కు కూతురు పుడుతుంది. వజీర్ అబ్దుర్రహ్మాన్ జాతకం చూసి, ముందుముందు దేవ్‌లు (రాక్షసులు) తిరగబడతారనీ, భూమ్మీది ఒక ఆదమ్‌జాద్ వచ్చి అణుస్తాడనీ చెబుతాడు. ఆ ఆదమ్‌జాద్ హమ్జాయే. పసివాణ్ణి ఊయలతో సహా ఖాఫ్‌కు తెప్పించుకుంటారు. పెద్దయ్యాక ఆస్మాన్ పరీతో నికాహ్.

దీన్ని తఖ్దీర్ అనడానికి నాకు మనసొప్పదు. రాజ్యం పోతుందని భయపడ్డ బాద్‌షాకు ఒక పహిల్వాన్ కావాలి. నక్షత్రాలు చదివినవాడు ఆ బాద్‌షా నౌకరే. మన ఖాన్‌దాన్‌లలో కూడా "ఇది అల్లాహ్ రాసిన జోడీ" అని పెద్దలు అంటుంటే, ఆ రాత ఎవరికి లాభమో ఒకసారి చూడండి.

ఎందుకంటే హమ్జా దిల్ అప్పటికే నౌషేర్‌వాన్ కూతురు మెహర్‌నిగార్‌కు ఇచ్చేశాడు. పద్దెనిమిది రోజుల్లో వస్తానని ఖాఫ్ వెళ్లాడు. పద్దెనిమిదేళ్లు పట్టింది. దేవ్‌లు ఓడిపోయినా ఆస్మాన్ పరీ వదలదు. ఇంకొన్నాళ్లు అంటుంది, కోప్పడుతుంది, దారి తప్పిస్తుంది. ఖురైషా అనే బిడ్డ కూడా పుడుతుంది. చాలామంది ఆమెను జాలిమ్ అంటారు. నాకు జాలే కలుగుతుంది. భర్త మనసు భూమ్మీద ఉందని తెలిసీ కాపురం చేసిన ఔరత్ ఆమె. ఆమె మర్జీ అడిగి ఆ జోడీ కుదిర్చారా?

కింద భూమ్మీద మెహర్‌నిగార్ ఇంతెజార్ మాత్రం ఎవరి ఖిస్మత్ లెక్కలోకీ రాలేదు. దుష్మన్ల ఫౌజ్ వెంటపడుతుంటే అమర్ ఆమెను ఒక కిల్లాలో దాచాడు. అక్కడ తిండిగింజలు అయిపోతే ఇంకో కిల్లా, అక్కడా అయిపోతే మరొకటి.