రేడియో మార్గాల కేటాయింపు: అలోహా నుంచి జీఎస్ఎం వరకు

మీరు నంబరు నొక్కగానే సెల్‌ఫోన్ ముందుగా టవరును ఒక రేడియో మార్గం ఇమ్మని అడుగుతుంది. అదే క్షణంలో మరొకరూ అడిగితే రెండు విన్నపాలూ ఢీకొని చెడిపోవచ్చు. ఈ చిక్కుకు పరిష్కారం హవాయి దీవుల్లో దొరికింది. 1971లో అక్కడి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం దీవుల మధ్య కంప్యూటర్లను రేడియోతో కలిపే అలోహా వ్యవస్థను నడిపింది. జవాబు రాకపోతే ఎవరికి వారు కొంత వ్యవధి ఆగి మళ్లీ పంపాలన్నది దాని సూత్రం. అందులో మార్గం సామర్థ్యం గరిష్ఠంగా సుమారు 18 శాతమే ఉపయోగపడేది. కాలాన్ని సమాన విభాగాలు చేసి, విభాగం ఆరంభంలోనే పంపాలన్న నియమంతో అది సుమారు 37 శాతానికి పెరిగింది. 1991లో ఫిన్లాండ్‌లో సేవలు ప్రారంభించిన జీఎస్ఎం తొలి విన్నపానికి ఈ పద్ధతినే స్వీకరించింది. సంభాషణకు మాత్రం ప్రత్యేక మార్గం కేటాయించింది. కారణం గమనించండి: విన్నపాన్ని మళ్లీ పంపవచ్చు, మధ్యలో తెగిన మాటను అతకలేం.